ఇప్పపిండితో ఉతికిన తెల్ల చొక్కా

మొన్న భద్రాచలం సంతలో ఒకామె చిన్న చిన్న సీసాల్లో ఇప్పనూనె అమ్ముతూ, వాసన చూడమని మూత తీసి నా చేతికిచ్చింది. కొంచెం వెన్నలా, కొంచెం పొగలా ఉండే ఆ వాసన తగలగానే నా చేయి దానంతట అదే భుజం మీదికి పోయి చీరను తడిమింది. మరకేమీ లేదు. అయినా ఎవరైనా చూశారేమోనని సిగ్గేసింది. యాభై దాటిన మనిషికి ఇదేం సిగ్గు అనుకుంటారేమో, అందుకే చెబుతున్నాను.

మణుగూరు అవతల అడవి అంచున మా ఊరు. ఎండాకాలం తెల్లారకముందే రాలిన ఇప్పపూలు ఏరేవాళ్లం. తొలకరికి కాయలు పండితే గుజ్జు మేము తిని, గింజలు వాకిట్లో కుప్ప పోసేవాళ్లం. వాటి పప్పు ఎండబెట్టి, దంచి, ఆవిరి పట్టించి, బుట్టలో పెట్టి రెండు దుంగల మధ్య బిగిస్తే నూనె సన్నగా కారేది. మొదటి నూనె ఊరి దేవత దీపానికి. తర్వాత అమ్మ ఆ నూనెలోనే బియ్యప్పిండి అప్పాలు కాల్చేది, ఆ వాసనకు కుక్కలు కూడా గుమ్మం వదిలేవి కావు. మిగిలింది మా తలలకు. చల్లటి పొద్దుల్లో నూనె గడ్డకడితే అమ్మ అరచేతుల్లో రుద్ది కరిగించి, నా మాడుకు పట్టించి, కళ్లు పైకి లాగేంత గట్టిగా జడలు అల్లేది. ఊరంతా అదే వాసన కాబట్టి అది వాసనని మాకు తెలియదు.

బడిలో తెలిసింది. ఇంట్లో మా మాట వేరు, బడిలో తెలుగు. అక్షరాలు దిద్దడం అప్పుడే మొదలైంది కానీ, విన్న పాట విన్నట్టు పాడతానని సారు నన్ను జెండా పండుగకు ముందు వరుసలో నిలబెడతానన్నారు. బొగ్గుగనుల కాలనీ నుంచి పెద్ద ఆఫీసర్లు వస్తున్నారని అందరికీ తెల్ల చొక్కాలిచ్చారు. ఆ సంబరంలో అమ్మ మరునాడు ఇంకాస్త నూనె పెట్టింది. దారిలో ఎండకు అది కరిగి, జడల కింద రెండు భుజాల మీదా అరచేతులంత మరకలు పడ్డాయి. పిల్లలు నన్ను నూనెబుడ్డీ అని పిలిచారు. మరక పోతేనే ముందు వరుస అన్నారు సారు.

అమ్మకు చెబితే నవ్వింది. "గింతేనా బిడ్డా? తలకు పట్టిన నూనె దేంతోటి పోతది? గిది గూడ దాంతోటే పోతది."

నూనె పిండాక మిగిలే ఇప్పపిండితోనే మేము తలంట్లు పోసుకునేవాళ్లం. సబ్బులా నురగొస్తుంది, ఎంత జిడ్డైనా వదిలిపోతుంది. అమ్మ దాన్ని నానబెట్టి, ఎవరూ వంక పెట్టకూడదని మరకలొక్కటే కాదు, చొక్కా మొత్తం వాగు బండ మీద రుద్దింది. జిడ్డు నిజంగానే పోయింది. కానీ ఆరాక చూస్తే పిండి రంగు పట్టి తెల్ల చొక్కా మొత్తం బురదనీళ్ల రంగుకు తిరిగింది. బూడిదనీళ్లలో ఉడకబెడితే ఇంకా ముదిరింది. కుంకుడుకాయకూ లొంగలేదు. అమ్మ బండ మీద కూర్చుండిపోయి, "నల్ల తలకాయలు కడిగినదాన్ని. తెల్లగుడ్డ సంగతి నాకేమెర్క" అంది.

పండుగనాడు తనే వచ్చింది. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, వరుసలో ఉన్న పిల్లలందరి ముందు నా భుజాన్ని సారుకు చూపించింది.

"మరక పోయింది సారూ, సూడుండ్రి."

అబద్ధం కాదు. వెనక నుంచి ఎవరో, మరక పోలేదు, చొక్కా నిండా పాకింది అన్నారు. వరుస వరుసంతా నవ్వింది. సారు నవ్వు ఆపుకుంటూ నా తల నిమిరి, ఆ చేతిని జేబురుమాలుతో తుడుచుకుని, నన్ను చివరి వరుసలోకి పంపారు. అమ్మ కూడా వాళ్లతో పాటు నవ్వింది. అర్థం కాక నవ్విందా, అర్థమయ్యే నవ్విందా అని ఇప్పటికీ అనుకుంటాను. మిఠాయి పంచేదాకా కంచె అవతలే నిలబడింది. నేను అటు తల ఎత్తలేకపోయాను.

మరునాటి నుంచి అమ్మ నా తలను నూనె పెట్టకుండా ఉత్తగానే దువ్వేది. కొన్నాళ్లకు జుట్టు కొబ్బరిపీచులా లేచి, బడిలో నాకు ఇంకో పేరు వచ్చింది. బడికి బదులు పశువుల వెంట పోవడం మొదలుపెట్టాను. ఎవరూ ఎందుకని అడగలేదు. అక్షరాలు మళ్లీ నా దగ్గరికి రావడానికి, మనవరాలు పుట్టి, మా మహిళా సంఘంలో చదువు చెప్పే అమ్మాయి రావాల్సి వచ్చింది.

ఇప్పుడు మనవరాలి యూనిఫాం మీద పచ్చడి నూనె పడితే, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి రుద్దితే పోతుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇప్పచెట్లు చాలా పోయాయి. నూనె దుంగలు ఎవరి పొయ్యిలోకో పోయాయి. ఇప్పపిండితో తలంటుకునేవాళ్లు లేరు. కానీ వీటన్నిటికంటే ముందే నా తల మీది నుంచి పోయింది మా అమ్మ చేయి. నా పెళ్లినాడు తలకు నూనె పెట్టమని పెద్దలు పిలిస్తే, రెండు చేతులూ కొంగులో దాచుకుని, నా చెయ్యి వద్దులే అంటూ మా మేనత్తను ముందుకు తోసింది.