సీసా తెచ్చినవా?

నా చిన్నప్పుడు, సాగర్ ఎడమ కాలువ నీళ్లు పొలాల్లోకి వచ్చిన కొత్తలో, మిర్యాలగూడకు ఆనుకుని ఉన్న మా ఊరు చూస్తుండగానే మారిపోయింది. జొన్న గటక తిన్న ఇళ్లలో వరి అన్నం ఉడికింది. మిల్లుల పొగగొట్టాలు లేచాయి, మా నాన్న మిల్లుతో సహా. కాలువతోపాటు గుంటల్లో నిలవనీళ్లూ, వాటితోపాటు దోమలూ, చలిజ్వరమూ వచ్చాయి. తర్వాత కాలేజీలో ఎకనామిక్స్ చదివినప్పుడు పుస్తకంలో పొగగొట్టాల సంగతే కనిపించింది. జ్వరం సంగతి అడిగితే అది సిలబస్‌లో లేదన్నాడు మా లెక్చరర్. ఆయనతో ఆ గంటంతా కొట్లాడాను.

మాది ఉప్పుడు బియ్యం మిల్లు. ఉడకబెట్టిన వడ్లను సిమెంటు కళ్లం మీద పరిస్తే, ఆడవాళ్లు వరుసగా నడుస్తూ కాళ్లతో తిరగేసేవాళ్లు. పొద్దున పరిచిన వడ్లను మధ్యాహ్నం దాకా తిప్పుతూనే ఉండాలి, లేకపోతే వాసన పడతాయి. కళ్లం మీద పెత్తనం మా నాయనమ్మది. వసారాలో మంచం వేసుకుని కూర్చుంటే ఒక్క కాలు ఆగేది కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒకరోజు, కళ్లంలో పనిచేసే ఒకామె తన మూడేళ్ల కూతుర్ని గోడ నీడలో గోనెసంచి మీద పడుకోబెట్టి వడ్లు తిప్పుతోంది. పిల్ల జ్వరంతో వణుకుతోంది. అప్పటికి మూడో రోజట. నేను ఊరుకుంటానా? "సర్కారు దవాఖానల మందు ఉత్తగనే ఇస్తరు గద! తీస్కపోవడానికి వీళ్లకేమైంది?" అన్నాను, ఆమెకు వినబడేలాగే. మా ఇంట్లో పెద్దలు అనుకునే మాటే అది. నేను కొంచెం గట్టిగా అన్నానంతే.

నాయనమ్మ నన్ను కిందికీ మీదికీ చూసింది. "గంత తెలిసినదానివి, నువ్వే ఎంటపోయి ఇప్పియ్యి" అని ఆమెను వడ్ల మీది నుంచి పిలిచింది. నా చెప్పులు విప్పించి, చెవుల కమ్మలు తీసి, పాత గౌను తొడిగింది. "ఎవరడిగినా మిల్లు పేరు ఎత్తొద్దు. ఎత్తినవో, ఇగ నాతోని మాట్లాడకు" అంది.

ఆమె పిల్లను చంకన వేసుకుని, ఒక సిల్వర్ గ్లాసు పట్టుకుంది. దవాఖాన పన్నెండింటికి మూసేస్తారు. మేం వరుసలో నిలబడి నిలబడి డాక్టరు దగ్గరికి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆయన బాగానే చూశాడు, చీటీ రాశాడు. తర్వాత కాంపౌండరు కిటికీ. ఆ రోజుల్లో చేదు మందును జాడీలోంచి సీసాలోకి పోసి, గాట్లు పెట్టి కత్తిరించిన కాగితపు ముక్కను సీసాకు అంటించేవాళ్లు. ఒక్కో గాటు ఒక్కో పూట.

"సీసా తెచ్చినవా?" అన్నాడు కాంపౌండరు.

ఆమె గ్లాసు చూపించింది.

"సిల్వర్ గిలాసకు కాగితం అంటిస్తే లోపలి మందు కనపడ్తదా? పూటకెంత పోస్తవ్? సీసా తేపో."

"ఇంట్ల ఉన్నది ఒక్కటే సీస సారూ. దాంట్ల గ్యాసునూనె ఉంటది. మొన్న దాన్నే కడిగి తెస్తిని, వాసనొస్తున్నదని మీరే ఎల్లగొడ్తిరి."

అంటే ఆమె అంతకుముందే ఆ కిరసనాయిలు సీసాతో వచ్చి వెళ్లింది.

"నా తాన సీసల చెట్టున్నదా? జరుగు, ఎనక మందున్నరు."

పిల్ల తల తల్లి భుజం మీద వాలిపోయింది. కళ్లు మూతపడుతున్నాయి. ఆమె వెనక్కి తిరిగింది. ఇక నా నోరు ఆగలేదు. మిల్లు పేరూ, మా నాన్న పేరూ, రెండూ అరిచి చెప్పాను.

కాంపౌండరు కిటికీలోంచి వంగి నా బోసి కాళ్లు చూశాడు, ముఖం చూశాడు. "అరె, శావుకారు బిడ్డవా! ముందే చెప్పొద్దా తల్లీ?" స్టూలు బయటికి వచ్చింది. అల్మారా తలుపు తెరుచుకుంది. లోపల ఖాళీ సీసాలు, కడిగి, బిరడాలు పెట్టి, వరుసగా ఉన్నాయి. ఒకదాంట్లో మందు పోసి, కాగితం అంటించి, గుడ్డతో తుడిచి ఇచ్చాడు. తల్లి చేతికి కాదు, నా చేతికి.

దారిలోనే మొదటి గాటు తాగించాం. చేదుకు పిల్ల గుక్కపట్టి ఏడిచింది. జ్వరంతో మూడు రోజులుగా నోరెత్తని పిల్ల గొంతు విన్న ఆ తల్లి ముఖం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. "నీ పేరు జర కిరాయికియ్యరాదు బిడ్డా, మా వాడకంత పనికొస్తది" అంది నవ్వుతూ. నేనూ నవ్వాను. ఇల్లు చేరేసరికి ఆ మాట గుచ్చుకోవడం మొదలైంది.

నాయనమ్మకు అంతా చెప్పాను, తిట్లకు సిద్ధపడే. ఆమె తిట్టలేదు.

"పిల్ల తాగిందా?"

"తాగింది."

"మంచిగ చేసినవ్. రేపు ఇంకొకామె పిల్లకొస్తే?"

"నేనే పోత."

"నువ్వు బడికి పోయిననాడు?"

నాయనమ్మ కళ్లం వైపు తిరిగింది. "నాకు కావాల్సినోళ్లకు నేను గూడ గట్లనే మాట చెప్పి పంపిస్తుంటి. సాయం అనుకున్న. మిగిలినోళ్ల ముంగట ఆ అల్మార మూస్తున్ననుకోలే" అంది.

మర్నాడు ఇల్లిల్లూ తిరిగి సీసాలు అడిగింది. టానిక్కువి, తలనూనెవి, సిరావి. వేడినీళ్లలో ఉడికించి, గంపకెత్తించి, ఆ కిటికీ దగ్గర దింపించింది. "ఎవరి మనిషివని అడగకుంట ఇయ్యి. అడిగినవని తెలిస్తే రోజొచ్చి గీ స్టూలు మీదనే కూసుంట" అని కాంపౌండరుకు చెప్పింది. పాపం, అతను దేనికీ అంతగా జడిసి ఉండడు. పిల్లకు బాగాలేని తల్లిని కళ్లం మీద నిలపొద్దని మా నాన్నకూ చెప్పింది. వడ్లు వాసన పడతాయని ఆయన గొణిగాడు. "పడనీ" అంది.

ఇదేదో లోకాన్ని మార్చిందని రాయను. గంప ఖాళీ అయ్యేది, ఆమె నింపేది. ఆమె పోయాక ఎవరూ నింపలేదు, నేను కూడా.

మొన్న మోకాళ్ల నొప్పికి ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాను. మా తమ్ముడు ఎవరికో ఫోను చేశాడు. నాకంటే ముందు వచ్చినవాళ్లు బెంచీల మీద ఉండగానే నన్ను పిలిచారు. కదలకుండా కూర్చున్నానని రాస్తే చదవడానికి బాగుంటుంది. కానీ లేచాను. తలుపు దాకా వెళ్లాను. అక్కడ ఆగి వెనక్కి చూశాను. చిన్నప్పటి ఆ రోజు నుంచి నాకు మిగిలింది ఈ వెనక్కి చూడటమే, ఎంత వదిలించుకుందామన్నా పోదు. ఒళ్లో పిల్లతో ఒకామె కూర్చుని ఉంది. ముందు ఆమెను పంపమన్నాను.

"ఆమె మీకేమవుతుంది మేడం?" అని అడిగింది నర్సు.

"ఏం గాదు, పంపు" అన్నాను. ఆ మాట అచ్చం నాయనమ్మ గొంతులో వచ్చింది. ఇంకోసారి వినాలనిపించి మళ్లీ అన్నాను.