మార్తక్క పక్కన ఎవరున్నారు?

ఈ ప్రయాణం మా బావ, అంటే మార్తక్క భర్త, అడిగిన ఒక్క ప్రశ్నతో మొదలైంది. "రూతూ, వచ్చే వారం ఎటూ గల్ఫ్ వదిలేసి వచ్చేస్తున్నావుగా. ఒక్కసారి రాస్ అల్ ఖైమా వెళ్ళి, మీ అక్క ఎవరి పక్కన ఉందో చూసి చెప్పు. ఏ మూలనో పడేసుంటే చెప్పు, కాగితాలు పెట్టి ఎముకలైనా తెచ్చుకుందాం." మార్తక్క మా పెదనాన్న కూతురు, నాలాగే నర్సు. 2020లో రాస్ అల్ ఖైమాలోనే కరోనా వార్డులో పని చేస్తూ పోయింది. నేను అబుదాబిలో డ్యూటీలో ఇరుక్కుపోయాను, రోడ్లు మూసేశారు. తర్వాతి ఏళ్ళలో రోడ్లు తెరిచారు కానీ నాకే ధైర్యం చాలలేదు.

"ఎవరి పక్కన" అని బావ ఎందుకడిగాడో చెప్పాలి. మా ఊళ్ళో క్రైస్తవుల సమాధుల తోటకు మధ్యలో గోడ ఉంది. బాప్తిస్మం తీసుకున్నా కులం వదలనివాళ్ళు అటు, మేము ఇటు, కాలవ నీళ్ళు ఊరే వైపు. వాళ్ళమ్మ చనిపోయినప్పుడు మార్తక్క పెద్దల ముందు నిలబడి, "దేవుడి దగ్గరికి కూడా రెండు గేట్లేనా?" అని అడిగేసింది. పెద్దమ్మను మాత్రం గోడకు ఇవతలే పెట్టారు.

నవంబరు మొదట్లో మాకు సమాధుల పండగ. ఆ రోజు సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగిస్తాం. నేనూ ఆ రోజే బయల్దేరాను. సంచిలో సున్నం పొట్లం, కుంచె, కొవ్వొత్తులు, రెండు నీళ్ళ సీసాలు. అబుదాబిలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని నా గది నుంచి ఆరింటికి బయటపడి, పక్కనే ముసఫ్ఫాలో దుబాయ్ బస్సెక్కాను. పాతిక దిర్హాముల దాకా అయింది. దుబాయ్‌లో మెట్రో మీద ఊరు దాటి, రాస్ అల్ ఖైమా బస్సు పట్టుకున్నాను. ఆ టికెట్టు ముప్ఫై లోపే. రెండు బస్సుల్లోనూ కిటికీ పక్క సీటే దొరికింది. పదకొండు కాకముందే దిగి టాక్సీ ఎక్కితే డ్రైవరు మనవాడే, నెల్లూరు మస్తాన్.

ఎక్కడికో చెప్పగానే అద్దంలోంచి నావైపు చూశాడు. "ఏందక్కా, సెలవు పూట జనం కొండలు చూసేదానికి పోతారు. నువ్వు సమాధులు చూసేదానికి పోతుండావా?"

"మా అక్క ఉంది అక్కడ," అన్నాను.

ఆ తర్వాత ఇక ఎగతాళి చేయలేదు. గేటు దగ్గర దింపి, "మీటర్ ఖలాస్ అక్కా, ఆపేసినా. నేనీడనే ఉంటా, నింపాదిగా రా," అన్నాడు.

గేటు దాటగానే నా కాళ్ళు వాటంతటవే చివరి మూలకు నడిచాయి. మనవాళ్ళను ఎక్కడ పెడతారో నాకు ఒకరు చెప్పాలా? అక్కడ నిజంగానే ఓ గోడ కనబడింది, మోకాలెత్తున, సగం కూలిపోయి. అవతల చెక్కిన పాలరాళ్ళు, ఇవతల పేరు కూడా లేని బండరాళ్ళు. మా ఊరే అనుకున్నాను. వంగి వంగి నలభై నిమిషాలు వెతికాను. ఒళ్ళు మండిపోయింది, ఎండకు కొంత, కోపానికి కొంత.

నీళ్ళ గొట్టం పట్టుకుని కాపలాదారు వచ్చాడు. తెల్లగడ్డం పఠాన్, అందరూ ఖాన్ చాచా అంటారట. "బేటీ, అక్కడెందుకు వెతుకుతున్నావ్?" అని ఉర్దూలో అడిగాడు.

"ఇండియా వాళ్ళ వరస ఏది చాచా?"

"అట్లాంటిది లేదు. ఆ గోడ నేను రాకముందుది. అప్పట్లో కంపెనీ సాహెబులు అటు, కూలీలు ఇటు. ఇప్పుడు ఎవరు ముందొస్తే వాళ్ళు ముందు, అంతే. పేరు కాదు, తారీఖు చెప్పు."

ఖననం చేసిన తారీఖు చెప్పాను. గేటు పక్క గదిలో రిజిస్టర్ తిప్పి చూసి, తిన్నగా తోట మధ్యకు తీసుకెళ్ళాడు. చుట్టూ రాళ్ళు పేర్చిన గుట్ట, తలవైపు ఇనుప పలక, దాని మీద అక్క పేరు. ఎడమ పక్కన ఫిలిప్పీన్స్ అమ్మాయి, కుడి పక్కన స్కాట్లాండ్ ఇంజనీరు. ముగ్గురికీ అదే వెడల్పు, అదే ఎడం. ఏడ్చాను. దాచడమెందుకు, వెక్కి వెక్కి ఏడ్చాను.

మస్తాన్ ఎప్పుడొచ్చాడో, బకెట్‌తో నీళ్ళు తెచ్చి సున్నం కలిపాడు. "మా ముస్లింల కబరస్తాన్‌కి వేరే గేటక్కా," అన్నాడు కలుపుతూనే. అక్క రాళ్ళకు వేయగా సున్నం మిగిలింది. అటూ ఇటూ చూసి, చాచాను అడిగి, పక్కవాళ్ళిద్దరి రాళ్ళకూ వేసేశాను. పండగ పూట ముగ్గురూ ఒక్క ఇంటివాళ్ళలా తెల్లగా ఉన్నారు.

ఇక్కడ వాట్సాప్‌లో వీడియో కాల్ కలవదు. ఫొటోలు పంపి బావకు మామూలు ఫోన్ చేశాను.

"మధ్యలో గోడేదీ?" అన్నాడు.

"లేదు బావా."

"అయితే దాన్ని అక్కడే ఉండనీ రూతూ. ఇక్కడికి తెస్తే మళ్ళా గోడకి ఇవతలేగా పెట్టాల," అన్నాడు.

ఈ దేశాన్ని పొగడటానికి ఇది రాయడం లేదు. బతికున్నన్నాళ్ళూ ఇక్కడ జీతం పాస్‌పోర్టు రంగును చూసే ఇచ్చారు, క్యాంపులు వేరు, విల్లాలు వేరు. మస్తాన్‌కు గేటూ వేరే. అయినా మా అక్క అడిగిన ప్రశ్నకు మా ఊరి పెద్దలు చెప్పలేని జవాబు, ఒక పఠాన్ తన రిజిస్టర్‌లో తారీఖుల వరసన రాసిపెట్టాడు. ఊరెళ్ళాక ఆ ఫొటో పట్టుకుని పెద్దల ముందు నేను నిలబడతాను.

మీలో ఎవరైనా అయినవాళ్ళ సమాధి వెతుక్కుంటూ వెళ్తే, ఖననం చేసిన తారీఖు కాగితం మీద రాసుకుని, ఎండెక్కక ముందే చేరుకోండి. నాలాగా చివరి మూలకు మాత్రం పోకండి. గేటు దగ్గర్నుంచే వెతకడం మొదలుపెట్టండి.