ఎఫ్ టవర్ మురుగునీళ్లు

దయ్యాలంటే నాకు ఎప్పుడూ భయం లేదు. ఉన్నదల్లా చులకన. ఆఫీసు లిఫ్టులో ఏదో నీడ కనిపించిందని ఎవరైనా చెప్తే, రాత్రంతా ఫోన్ చూడటం మానేసి నిద్రపొమ్మని మొహం మీదే చెప్పే రకం నేను. కూకట్‌పల్లిలో మా అత్తగారు గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టి, అది కుళ్లి కారేదాకా తీయరు. దానివల్ల మా ఇంటికి ఈగలు రావడం తప్ప ఇంకేం జరగలేదు.

కాబట్టి కింద రాసింది ఎవర్నీ నమ్మించడానికి కాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

నేను మైక్రోబయాలజీ చదివి, ఒక చిన్న ప్రైవేటు ల్యాబ్‌లో మురుగునీళ్లు పరీక్ష చేస్తుంటాను. జనం జ్వరం దాచుకుంటారు, టెస్టు చేయించుకోరు, కానీ బాత్రూముకి వెళ్లక తప్పదు కదా. ఒంట్లో ఉన్న వైరస్ అలా బయటికొస్తుంది. ఒక్కో టవర్ నుంచి వచ్చే లైన్లో నీళ్లు పట్టి చూస్తే, కోవిడ్ ఎక్కడ మొదలైందో ఎవరూ దగ్గకముందే తెలిసిపోతుంది.

గోపన్‌పల్లిలో ఒక గేటెడ్ కమ్యూనిటీ వాళ్లు మాకు ఈ కాంట్రాక్టు ఇచ్చారు. ఆరు టవర్లు. పొద్దున లేస్తే అందరూ హైటెక్ సిటీకి వెళ్లి ప్రపంచాన్ని నడిపేవాళ్లే. ఏ టవర్ రిపోర్టు ఎర్రగా వస్తే ఆ టవర్ వాళ్లకి ఆ వారం క్లబ్‌హౌస్ బుకింగ్ లేదని అసోసియేషన్ రూలు పెట్టింది. జాగ్రత్త పడమని చెప్పే పరీక్షని పరువు పరీక్ష చేసి పెట్టారు. ఇంకేముంది, శాంపిల్ రోజుకి ముందు కమోడ్లలో బ్లీచింగ్ పౌడర్ గుమ్మరించడం మొదలైంది.

ఈ మేధావులకి తెలియని సంగతి ఒకటుంది. మేము ఇంకో వైరస్ కూడా చూస్తాం. మిరప మొక్కలకి పట్టేది, మనకి ఏ హానీ చెయ్యదు. కారం తిన్న ప్రతివాడి కడుపులోంచీ బయటికొస్తుంది. అది కనిపిస్తే ఆ నీళ్లు మనుషులవేనని లెక్క. తెలుగువాళ్లుండే టవర్‌లో అది పడిపోయిందంటే బ్లీచింగ్ పోసినట్టే. "టవర్ మొత్తం ఒకేసారి పథ్యం మొదలుపెట్టిందా?" అని ఒకసారి రిపోర్టు కింద రాస్తే సెక్రటరీ గారు నాతో మాట్లాడటం మానేశారు. సంతోషించాను.

ఎఫ్ టవర్ ఖాళీ. ఫ్లాట్లు కొన్ని అమ్ముడుపోయాయి గానీ ఎవరూ దిగలేదు, నీళ్ల కనెక్షన్ కూడా ఇవ్వలేదు. అయినా పద్ధతి ప్రకారం దాని డ్రైనేజీ ఛాంబర్ మూత కూడా తీసి, పొడిగా ఉందని రాసుకుని వెళ్లేవాళ్లం.

ఆ రోజు పొద్దున ప్లంబింగ్ పనులు చూసే మల్లేశ్ మూత తీస్తే అడుగున సన్నగా నీళ్లు పారుతున్నాయి.

"గిదేంది మేడమ్, ఈ టవర్ల మనుషులే లేరు గద" అన్నాడు.

మేస్త్రీలెవరో వాడుకుంటున్నారనుకుని సీసా నింపుకున్నాను.

ఆ సీసాలో కోవిడ్ గట్టిగా వచ్చింది. మిరప వైరస్ ఆనవాలే లేదు. మళ్లీ చేశాను, అదే వచ్చింది. బ్లీచింగ్ పోస్తే ముందు పోయేది కోవిడే, మిరప వైరస్ మహా మొండిది. అది పోయి ఇది మిగలడం నేనెక్కడా చూడలేదు. నాకు తోచిన అర్థం ఒక్కటే. లోపల ఎవరో జబ్బు మనిషి ఉన్నారు, చాలా రోజులుగా నోట్లో ముద్ద పెట్టలేదు.

సెక్రటరీ గారికి మళ్లీ మాటలొచ్చాయి. "రిపోర్టులో ఆ లైను తీసేయండి మేడమ్. ఖాళీ టవర్‌కి కోవిడ్ ఏంటండీ? లేనిపోనివి పుట్టిస్తే మిగతా ఫ్లాట్లు ఎవరు కొంటారు?" వాట్సాప్ గ్రూపులో అప్పటికే ఒకావిడ ఎఫ్ టవర్‌కి వాస్తు దోషమని తేల్చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడ మనిషి ప్రాణం పోతోందేమోనని ఒక్కరికీ తట్టలేదు.

మల్లేశ్‌ని వెంటబెట్టుకుని ఒక్కో అంతస్తూ చూసుకుంటూ ఎక్కాను. ఒక ఫ్లాట్‌కి బయట తాళం, లోపల మూలుగు. మల్లేశ్ తాళం పగలగొట్టాడు.

చాప మీద ఒకావిడ పడి ఉంది. ఒళ్లు కాలిపోతోంది. పక్కన విప్పని బ్రెడ్ ప్యాకెట్లు, అడుగంటిన నీళ్ల క్యాన్, చార్జింగ్ అయిపోయిన ఫోన్. పేరు రమణమ్మ. సి టవర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ దంపతుల ఇంట్లోనే ఉండి వంట చేస్తుంది. ఈ ఫ్లాట్ కూడా వాళ్లు కొన్నదే, వుడ్‌వర్క్ కోసం తాళాలు తీసుకున్నారు. పిల్లాడి మొదటి పుట్టినరోజు క్లబ్‌హౌస్‌లో పెట్టుకున్నారు. ఈమె జ్వరం వల్ల సి టవర్ ఎర్రబడితే ఫంక్షన్ పోతుంది. అందుకని ఇక్కడ పడుకోబెట్టి, తాళం వేసి, బెలూన్లు కట్టుకోవడానికి వెళ్లారు.

"ఆమె మంచికే మేడమ్, ఐసోలేషన్" అన్నాడు ఆ ఇంటి పెద్దమనిషి తర్వాత. ఒక ఇంగ్లీషు మాట తగిలిస్తే చాలు, వీళ్లు చేసిందేదైనా శుభ్రమైపోతుంది.

అంబులెన్స్ వచ్చేలోపు బాత్రూమ్ చూశాను. కమోడ్ ఇంకా బిగించలేదు. మూల ఒక బకెట్. డ్రైనేజీ పైపు మూతి సిమెంటుతో మూసేసి ఉంది. కుళాయి తిప్పితే చుక్క రాలేదు.

"పైపే బంద్ ఉంది మేడమ్" అన్నాడు మల్లేశ్. "మరి గా నీళ్లు యాడికెళ్లి వచ్చినయ్?"

కిందికి వెళ్లి ఛాంబర్ మళ్లీ తెరిచాం. పూర్తిగా ఎండిపోయి ఉంది. పైపు మూతికి అడ్డంగా సాలెగూడు, దాని మీద ఎప్పటిదో సిమెంటు దుమ్ము. ఎఫ్ టవర్ ఎత్తులో ఉంది, మిగతా టవర్ల నీళ్లు వెనక్కి తన్నే వీల్లేదు. సీసాలు తారుమారయ్యాయనుకుందామంటే ఆ వారం మిగతా అయిదూ నెగెటివ్. రమణమ్మ ముక్కులోంచి తీసిన వైరస్, నా సీసాలోని వైరస్ ఒకటే రకం. ఆ సీసా ఇప్పటికీ మా ఫ్రీజర్‌లో ఉంది.

అసోసియేషన్ వాళ్లు ఎఫ్ టవర్ కింద శాంతి హోమం చేయించారు. పీటల మీద కూర్చున్నది ఆ దంపతులే. నేను ఆశ్చర్యపోలేదు.

రమణమ్మ కాస్త కోలుకున్నాక దవాఖానకి వెళ్లాను. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఫోన్ ఆగిపోయింది. అరుద్దామంటే గొంతు లేవలేదు. ఇంకెవరూ రారని కళ్లు మూసేసుకున్నానమ్మా. నేనక్కడున్నానని మీకెవరు చెప్పారు?"

ఎవరేం అడిగినా తడుముకోకుండా జవాబు చెప్పడం నా అలవాటు.

"తెలీదు రమణమ్మా" అన్నాను. ఇప్పటికీ తెలీదు.