విప్పి చూడని మూటలు

మొన్న మా కోడలు హైదరాబాదులో ఏదో ప్రదర్శనకు వెళ్లి నాకొక తువ్వాలు తెచ్చింది. "చేనేతది మామా, చెయ్యి వెడితేనే తెలుస్తది" అంటూ ఒళ్లో పెట్టింది. చెయ్యి పెట్టాను. అందరిలాగా అరచేత్తో నిమరడం నాకు చేతకాదు. నా బొటనవేలు దానంతటదే అంచు వెంట పోయింది. జానెడు పోయింది, మూరెడు పోయింది, ఎక్కడా ఏదీ తగల్లేదు. అంచు నున్నగా ఉంది. "మంచిగున్నది బిడ్డా" అన్నాను. అంత ముచ్చటపడి తెచ్చిన పిల్ల మొహం చిన్నబుచ్చడం ఎందుకని. ఆ తువ్వాలు భుజాన వేసుకుని వరండాలో కూర్చున్నాను గానీ మనసు నిలవలేదు. అంచు పట్టి చూడడం నాకు నేర్పిన మనిషి గుర్తొచ్చింది. రాజవ్వమ్మ. నవ్వితే పై వరసలో ఒక పన్ను లేని చోటు కనబడేది. ఆమె నవ్విందంటే ఎదుటివాడి పని అయిపోయిందని మా ఆఫీసులో ఒక భయం ఉండేది.

ఆమెను చూడనివాళ్లకు చెప్పడం కష్టమే. కరీంనగర్ జిల్లాలో నేతవాళ్ల ఇంట్లో పుట్టి, నేతవాళ్ల ఇంటికే కోడలై, ఊహ తెలిసినప్పటి నుంచి నూలు కండెలు చుట్టిన మనిషి. రజాకార్ల రోజుల్లో అటుక మీద మనుషులను దాచి అన్నం పెట్టిందని చెప్పుకునేవారు. ఆమెను అడిగితే మాత్రం "ఆకలైతే పెట్టిన, గంతే" అనేది. సంతకం నేర్చుకున్నది ముప్పై దాటాక. అలాంటామె ఎన్నికల్లో నిలబడి, గెలిచి, శాసనసభలో కూర్చుంది. సభ మంజూరు చేసిన డబ్బు ఎట్లా ఖర్చయిందో చూసే కమిటీలో ఆమెను వేశారు. లెక్కల కాగితాల ముందు ఈమె ఏం చేస్తుందిలే అని వేసినవాళ్లు అనుకుని ఉంటారు. పాపం!

ఇక నా సంగతి. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మాది హుస్నాబాద్ దగ్గర పల్లె. బాపు పోయాడు. మమ్మల్ని కన్న అవ్వ, ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లె, నేను. అయిదుగురికీ నా జీతమే ఆధారం. జిల్లా ఆఫీసులో ఇనస్పెక్టరు ఉద్యోగం, అదీ ఇంకా పర్మినెంటు కాలేదు. అరవయ్యో దశకం మొదట్లో ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. పంటలు పోయాయి. పంట పోతే బట్ట కొనేవాడు ఉండడు కాబట్టి మగ్గాలూ ఆగాయి. మా వైపు సభ్యులు సభలో పట్టుబట్టి కరువు సాయం మంజూరు చేయించుకున్నారు. నేతవాళ్లకు నూలు, కూలి ఇవ్వాలి, వాళ్లు నేసిన చీరెలు పల్లెల్లో కూలి ఆడవాళ్లకు ఊరికే పంచాలి. నేతింట్లో పొయ్యి వెలుగుతుంది, కూలామె ఒంటి మీదికి బట్ట వస్తుంది. మంచి ఆలోచనే. మా జిల్లాలోని ఒక చిన్న నేత ఊరికి తనిఖీ అధికారిని నేను. ఊరి పేరు చెప్పను, ఆ మనుషుల మనవలతో నాకిప్పుడు స్నేహాలున్నాయి.

చీరెలు తయారైన రోజు నేను నేత సంఘం గోదాముకు వెళ్లాను. గోనెపట్టాల్లో కుట్టిన మూటలు గోడ వారగా పేర్చి ఉన్నాయి. ఒక చీరె మాత్రం బల్ల మీద పరిచి పెట్టారు. చూశాను, బాగుంది. మూటలు ఒక్కొక్కటి తాకుతూ లెక్కపెట్టాను. ఒకటి విప్పమంటే సంఘం పెద్ద చేతులు నలుపుకున్నాడు. "విప్పితే మళ్ల కుట్టేటోడు లేడు సార్. అవుతల లారీ ఆగున్నది, జర దయ చూడుండ్రి." లారీ హారన్ కొడుతోంది. మా ఆఫీసరు కూడా పొద్దుటే తొందరపెట్టి పంపాడు. మగ్గాల మీద నేసిన చీరెలు స్వయంగా చూశానని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టాను. సంతకానికి ఎంతసేపు పడుతుంది!

నాలుగు నెలల తరువాత కమిటీ వచ్చింది. ఆ ఊళ్లోని సర్కారు బంగళాలో బల్ల వేశారు. అయిదుగురు సభ్యులు, చెప్పిన ప్రతి మాటా రాసుకునేందుకు ఒక షార్ట్‌హ్యాండు గుమాస్తా. అధ్యక్షుడు వకీలు. "మీరు స్వయంగా తనిఖీ చేశారా?" అని అడిగాడు. "చేశానండి. చీరెలు కళ్లారా చూశాను" అన్నాను. వెనక కుర్చీలో మా ఆఫీసరు దగ్గాడు. బల్ల చివర నుంచి రాజవ్వమ్మ అందుకుంది.

"కండ్లార చూసినవా బిడ్డా?"

"చూసిన్నమ్మా."

"మంచిది. రాసుకోండ్రి" అని గుమాస్తా వైపు తిరిగింది.

భోజనాలయ్యాక మిగతా సభ్యులు నడుం వాల్చారు. ఆమె మాత్రం చెప్పులేసుకుని "ఇనస్పెక్టరు సారూ, నేతోళ్ల వాడకు తొవ్వ చూపెడుదువు దా" అంది. ఆ వాడకు తొవ్వ ఆమెకు నేను చూపెట్టాలా? ముందు నడిచాను. వాడంతా చప్పుడు లేదు. మధ్యాహ్నం పూట మగ్గాల చప్పుడు వినబడని నేతవాడను నేను అంతకు ముందు చూడలేదు. మూడో ఇంట్లోకి వెళ్లింది. ఇంటావిడ పేరు లక్ష్మి. ఆమె మొగుడు ఖాళీ మగ్గం గుంతలో కాళ్లు వేలాడేసి కూర్చున్నాడు.

"నూలు అచ్చిందా లక్ష్మీ?"

లక్ష్మి నా వంక చూసింది. "అచ్చిందమ్మా."

"కూలి ముట్టిందా?"

"ముట్టిందమ్మా. మంచిగనే ఉన్నం."

నేను ఊపిరి పీల్చుకున్నాను. రాజవ్వమ్మ రెట్టించలేదు. గద్దె మీద కూర్చుని మంచినీళ్లు అడిగింది. లక్ష్మి చెంబు ఇచ్చి పక్కనే కూర్చుంది. నేతింటి ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. పక్కన ఎవరు కూర్చున్నా వాళ్ల చీరె కొంగు అందుకుని అంచు చూస్తారు, మాటల్లో ఉండగానే. లక్ష్మి చెయ్యి కూడా అట్లాగే పోయింది. పోయి ఆగింది.

"గీ చీరె ఎక్కడిదమ్మా?"

"సర్కారు పంచిన చీరె. వచ్చేటప్పుడు ఒక కూలామెకు నాది ఇచ్చి ఆమెది కట్టుకున్న. నువ్వే నేసినవంటగా?"

అంతే! లక్ష్మి అమాంతం లేచి నిలబడింది. "గిదా? గిది మేం నేసిందా? అంచుకు ముల్లు పొడిచిన జాడన్నా ఉన్నదా అమ్మా? గిది మిల్లు బట్ట! మా ఇంటాయన చేతుల గిసుంటిది దిగుతదా? ఎవడన్నడు గా మాట?"

"ఏయ్, నోర్మూసుకో" అన్నాడు మొగుడు గుంతలోంచి.

"ఎందుకు మూసుకోవాలె? కూలి రాకపోయినా మూసుకున్న. పిల్లలు పస్తులున్నా మూసుకున్న. గీ బట్ట మాది అంటె మాత్రం ఊకోను!"

తరువాత అంతా బయటపడింది. నూలు వస్తుంది, ముందుగానే వేలిముద్ర వేయమని సంఘం పెద్ద వాడంతా వేయించుకున్నాడు. నూలు రాలేదు. అడిగితే మామూలు రోజుల్లో ఇచ్చే నూలు కూడా ఇవ్వనన్నాడు. నేను లెక్కపెట్టిన మూటల్లో ఉన్నవి చవకగా కొన్న మిల్లు చీరెలన్నమాట. చెబుతూ చెబుతూ లక్ష్మి ఏడ్చింది. అప్పుడు రాజవ్వమ్మ తన చీరె అంచు నా ముందు పట్టి చెప్పింది. మగ్గం మీద బట్ట ముడుచుకుపోకుండా, రెండు కొసలకూ ముళ్లున్న బద్దను అంచులకు గుచ్చి నేస్తారట. నేత సాగినకొద్దీ బద్దను జరుపుతారు. అందుకే మగ్గం నుంచి దిగిన బట్ట అంచున బెత్తెడు బెత్తెడుకూ సూది మొనంత రంధ్రాలుంటాయి. లక్ష్మి ఇంట్లో నేసిన పాత తువ్వాలు ఒకటి తెప్పించి నా బొటనవేలును దాని అంచు వెంట నడిపించింది. తగిలాయి. సన్నగా, గరుకుగా. వ్యవసాయం ఇంట్లో పుట్టినవాణ్ని, నాకు అవేం తెలుసు? మూటలు విప్పి ఉన్నా తెలిసేది కాదేమో. కానీ విప్పలేదు కదా, ఆ మాట ఎవరితో అనను?

తిరిగి వస్తున్నాం. "అమ్మా, నా నౌకరి పోతది" అన్నాను.

"పోతె పోవచ్చు. పోదని నేను జెప్ప. ఇంట్ల ఎందరు?"

"అయిదుగురం."

ఆమె నడక ఆపింది. "లక్ష్మి మాట నేను కమిటీల చెప్ప బిడ్డా. చెప్పిన్నంటె రేపటి సంది ఆమెకు నూలు పుట్టది. ఇగ మిగిలింది నువ్వు. నీకు నెలకింత జీతమన్నా ఉన్నది. ఆమెకు అదిగూడ లేదు." మళ్లీ ఆమే అంది. "సభల మమ్ముల అడుగుతరు, గీ పైసలు ఇద్దామా వద్దా అని. ఇద్దామని చెయ్యెత్తుతం. ఎత్తిన చెయ్యి ఒళ్లె పెట్టుకుని కూసుంటె అయితదా? అవి ఎటు వోయినయో చూసేదాంక నా చెయ్యి గుంజుతనే ఉంటది. నువ్వు చెప్పిన మాటల కాగితం రేపు పొద్దుగాల నీ చేతికిస్తరు. సాక్షి మాట దిద్దుకోవచ్చు. కాగితం మీద గీత కొడితె ఒప్పరు, మళ్ల వచ్చి నిలవడి చెప్పాలె. దిద్దుకుంటవో లేదో నీ ఇష్టం."

పొద్దున కాగితం ఇచ్చారు. నా మాటలు అచ్చ పుస్తక భాషలో, ఎంతో మర్యాదగా ఉన్నాయి. "చీరెలు నేను కళ్లారా చూశాను." కింద సంతకానికి చోటు. అంత చక్కగా రాసిన అబద్ధం నేనెప్పుడూ చదవలేదు. అవ్వ గుర్తొచ్చింది, తమ్ముళ్ల స్కూలు ఫీజు గుర్తొచ్చింది. ఆ వెంటనే మొగుడి మీద అరిచిన లక్ష్మి కూడా గుర్తొచ్చింది. పస్తున్న మనిషికి ఉన్న రోషం నెల జీతమున్న నాకు లేకపోయిందే అని సిగ్గేసింది. లోపలికి వెళ్లి నిలబడ్డాను. "మూటలు చూశానండి. విప్పి చూడలేదు" అన్నాను. అధ్యక్షుడు కళ్లద్దాలు తీశాడు. వెనక మా ఆఫీసరు ఈసారి దగ్గలేదు. కమిటీ ఆ పూటే సంఘం పుస్తకాలన్నీ తెప్పించి ముందేసుకుంది.

నెల తిరక్కుండా నన్ను జైనూర్‌కు బదిలీ చేశారు. అడవి, కొండలు, చలిజ్వరం. నాకు రాని గోండీ, సగం అర్థమయ్యే మరాఠీ. వెళ్లేముందు హైదరాబాదు పోయి రాజవ్వమ్మను కలిశాను. ఒక్క మాట చెబితే బదిలీ ఆగిపోతుందని నా ఆశ. ఆమె చింతపండు గింజలు తీస్తూ తలెత్తకుండానే అంది: "ఆపుమని చెప్ప బిడ్డా. చెప్తె నీ మాటకు నేను ధర కట్టిచ్చినట్టయితది. గా పోరనికి రాజవ్వ మంచి జాగ ఇప్పిచ్చింది, అందుకే గట్ల చెప్పిండు అని సభల ఎవడన్నా లేస్తడు. గా ఒక్క మాటతోని లక్ష్మి కూలి మునుగుతది." నాకు ఒళ్లు మండింది. ఆమె ఇచ్చిన చాయ్ తాగకుండా లేచి వచ్చేశాను. జైనూర్‌లో జ్వరం వచ్చిన ప్రతిసారీ ఆమెను తిట్టుకున్నాను. దాచడమెందుకు, గట్టిగానే తిట్టుకున్నాను.

ఏడాది దాటాక రాజవ్వమ్మ నుంచి ఒక పార్సిలు వచ్చింది. సభ ముందు పెట్టిన కమిటీ నివేదిక, దాని మీద మడతపెట్టిన ఒక తువ్వాలు, లక్ష్మి ఇంట్లో నేసిందని ఒక చీటీ. తినేసిన డబ్బు కక్కించారు. మళ్లీ నూలు ఇచ్చారు, ఈసారి కూలి చేతికే. నూలు మగ్గానికెక్కినప్పుడు ఒకసారి, బట్ట దిగినప్పుడు ఒకసారి తనిఖీ చేయాలని నియమం పెట్టారు. నా పేరు కోసం నివేదికంతా వెతికాను. లేదు. "ఒక క్షేత్ర ఉద్యోగి" అని మాత్రం ఉంది, ఆ పక్కన నా రెండు మాటలు. మొదట కష్టంగా అనిపించింది. తరువాత తువ్వాలు చేతికి తీసుకుని అంచు తడిమాను. ముళ్ల జాడలు తగిలాయి, లక్ష్మి ఇంటి మగ్గానివి. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఆ తరువాతి ఎన్నికల్లో రాజవ్వమ్మ ఓడిపోయింది. సంఘం పెద్ద ఊరూరా తిరిగి ఆమెకు వ్యతిరేకంగా పని చేశాడట. నేను చివరిసారి చూసినప్పుడు ఆమె తన ఇంట్లో గోడకు ఆనుకుని కండెలు చుడుతోంది. చూపు మందగించింది. నా గొంతు గుర్తుపట్టింది.

"విప్పి చూస్తున్నవా బిడ్డా?"

"చూస్తున్ననమ్మా."

"అన్ని?"

చేతిలో కండె ఆపి నా వైపు తిరిగింది. ఆ మసక కళ్ల ముందు అబద్ధం చెప్పలేకపోయాను. "ఒక్కటి చూడలే అమ్మా. భైంసల, విత్తనాల బస్తాలు. వాన దంచుతుండె. చూసిన్నని రాసిన."

పన్ను లేని చోటు కనబడేలా నవ్వింది. "ఇగో, గిది రాసుకోవాలె. పో, ఆ కాగితం గూడ దిద్దిరా పో" అంది. వెళ్లి దిద్దాను. దాని మీద నాకొక మెమో కూడా వచ్చింది. మెమో సంగతి చెప్పడానికి ఆమె దగ్గరికి వెళ్లేలోగా ఆమె లేదు.

ఇదంతా రాస్తూ తల ఎత్తితే వరండాలో తీగ మీద మా కోడలు తెచ్చిన తువ్వాలు ఆరుతోంది. నా పెట్టెలో రాజవ్వమ్మ పంపిన తువ్వాలు ఉంది, పోగులు పోగులైపోయింది గానీ అంచు బతికే ఉంది. దాన్ని బయటికి తీశాను. వంటింట్లో కోడలు పప్పు పోపు పెడుతోంది.

"బిడ్డా, పని కాంగనే జర ఇటు రా" అని పిలిచాను. "మొన్న నీకు చెప్పిన మాట ఒకటి దిద్దుకోవాలె."