బాపు చెవితో కొన్న కంప్రెసర్

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదు. ఇరవై రెండేళ్ల వయసులో అందరికీ అలాగే ఉంటుందేమో గానీ, నాకు కాస్త ఎక్కువ ఉండేది. సూరత్‌లో మా వాళ్లంతా సాంచల మీద (అంటే మరమగ్గాల మీద) పనిచేసేవారు. నేను మాత్రం ఊరి శివార్లలోని ఇచ్ఛాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో రెండేళ్లు ఉండి, గాలి ఒత్తిడితో గరుకు రవ్వ కొట్టి ఇనుము తుప్పు రాల్చే విద్య నేర్చుకుని, ఇంటి కింద స్కూటర్ పెట్టుకునే షెడ్డులో సొంత దుకాణం తెరుస్తానని ప్రకటించాను. అమ్మ ఒక షరతు పెట్టింది. "మీ మామ స్కూటర్ ఈ ఐతారం లోపట మంచిగ జేసియ్యి. గట్ల జేయకుంటే సోమారం నుంచి మీ బాపుతోని సాంచల మీదికి పోవాలె. మళ్ల మాట్లాడద్దు."

రవ్వ కొట్టడానికి అద్దం మూత, చేతి తొడుగులు ఉన్న ఇనప పెట్టెను నేనే ఎంచుకున్నాను. డుమస్ బీచ్ నుంచి ఇసుక తెచ్చుకొమ్మని మామ సలహా ఇచ్చాడు గానీ, ఇసుక దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుందని ఫ్యాక్టరీలో మా ఉస్తాద్ వంద సార్లు చెప్పాడు కాబట్టి గార్నెట్ అనే రాతి రవ్వే కొన్నాను. (నేను పెద్దల మాట విన్న అతి కొద్ది సందర్భాల్లో అదొకటి.) మిగిలింది కంప్రెసర్. అక్కడ మా బాపు లేచి చొక్కా తొడుక్కున్నాడు. "మిషిన్ కొనుడంటె మజాకనుకున్నవా? నేనొస్త, పా."

దుకాణంలో రెండున్నాయి. నిమిషానికి ఎంత గాలి కావాలని దుకాణదారు హిందీలో అడిగాడు. నేను ప్రెషర్ ఎంతో చెప్పి, అన్నీ తెలిసినవాడిలా తలాడించాను. (ప్రెషర్ ఎంతున్నా గాలి సరిపడా రాకపోతే రవ్వ కదలదని తర్వాత తెలిసింది.) బాపుకు ఈ లెక్కలతో పనిలేదు. "నడిపించున్రి, సప్పుడు ఇని సూస్త" అన్నాడు. సాంచె పక్కన నిలబడి చప్పుడు విని, ఎక్కడ బోల్టు వదులైందో చెప్పేసే మనిషి ఆయన. కళ్లు మూసుకున్నాడు. పెద్ద కంప్రెసర్ గుర్రుమంటూ మెల్లగా నడిచింది. బాపు పెదవి విరిచాడు. "దీనికి పానమే లేదుర." చిన్నది షట్టర్లు అదిరేలా టకటకా మొదలెట్టగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "గిదిర మిషినంటె! ఒక్క దెబ్బన్న తప్పుతుందా జర సూడు!" నిజం చెప్పొద్దూ, నాకూ ఆ ధాటి నచ్చింది.

శుక్రవారం పొద్దున్న మామ స్కూటర్ మడ్‌గార్డును పెట్టెలో పెట్టాను. అరనిమిషం తుప్పు బ్రహ్మాండంగా రాలింది. ఆ తర్వాత నాజిల్ లోంచి గాలికి బదులు నిట్టూర్పు వచ్చింది. ఐదు నిమిషాలు ఆగడం, అరనిమిషం కొట్టడం, మళ్లీ ఆగడం. కంప్రెసర్ మాత్రం ఆగకుండా మోగుతూనే ఉంది. పక్కింటి గుజరాతీ బెన్ (అంటే అక్క) బాల్కనీలోంచి "భాయ్, బంద్ కరో నే!" అని ఒకటే అరుపు. బాపు స్టూలేసుకుని కూర్చుని "ఎంత మంచిగ నడుస్తుందో సూడు!" అని మురిసిపోతున్నాడు. సాయంత్రం మామ వచ్చి చూశాడు. "ఏందిర గిది, లేగదూడ లెక్క మచ్చలు మచ్చలు జేసినవ్?" నాకు ఒళ్లు మండిపోయింది. "బాపుకు మిషిన్ల గురించి ఏం తెల్వది మామా, సప్పుడు జూసి కొన్నడు!" అని గల్లీ అంతా వినేలా అరిచాను. బాపు స్టూలు తీసుకుని లోపలికి వెళ్లాడు.

మర్నాడు మార్చుకోవడానికి ఇద్దరమూ వెళ్లాం. దుకాణదారు పెద్ద కంప్రెసర్ ఆన్ చేశాడు. అది గుర్రుమంటోంది. బాపు దాని ముందు చేతులు కట్టుకుని కాసేపు నిలబడి, నా వైపు తిరిగాడు.

"ఇంకెంతసేపు? మిషిన్ షురూ జేయమనుర."

దుకాణదారూ నేనూ ముఖముఖాలు చూసుకున్నాం. ఇంట్లో బాపు అరిచినట్టే మాట్లాడేవాడు. సాంచల మధ్య బతికే వాళ్లంతా అంతేనని అనుకునేవాణ్ని.  ఆయన చెయ్యి పట్టుకుని కంప్రెసర్ ట్యాంకు మీద పెట్టాను. అరచెయ్యి అదిరింది. "అరె, నడుస్తుందిర!" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

మార్చి తెచ్చిన పెద్ద కంప్రెసర్‌తో ఆదివారం మధ్యాహ్నానికి మామ స్కూటర్ తళతళలాడింది. సోమవారం బాపు ఒక్కడే టిఫిన్ డబ్బా పట్టుకుని సాంచలకు వెళ్లాడు. ఇప్పటికీ ఆ వారం గుర్తొస్తే నా మీద నాకే నవ్వొస్తుంది. నవ్వుతూ నవ్వుతూ ఒకచోట మాత్రం ఆగిపోతాను. ఆ రోజు గల్లీలో నేనన్న మాట బాపుకు వినబడే ఉంటుంది. అంత గట్టిగా అరిచాను మరి.