నీళ్ల కింది ఊరికి ఒక రాయి

కొల్లాపూర్ పోయే రోడ్డు పక్కన, పాత బాట కృష్ణా నది వైపు దిగే మలుపులో, మా ఊరి పేరు చెక్కిన బండ ఒకటి ఉండేది. నడుమెత్తు రాయి. డ్యాం కట్టినప్పుడు మునిగిపోయిన మా ఊరివాళ్లు తలా ఒక చోట స్థిరపడ్డాక, చాలా ఏళ్లకు కూడబలుక్కుని దాన్ని పాతారు. పైన ఊరి పేరు, కింద ‘ఈ బాట మా ఊరికి పోయేది’ అన్న ఒక్క ముక్క. బస్సులో పోయేవాళ్లు చదివేలోపే దాటిపోయేవారు.

నేను ఆ ఊళ్లో పుట్టలేదు. నీళ్లొచ్చాక, ఎత్తు మీద ఇచ్చిన ప్లాటులో వేసుకున్న రేకుల ఇంట్లో పుట్టాను. నాకంటే ముందు అమ్మకొక కొడుకు. మూడేళ్లు నిండకముందే జ్వరమొచ్చి పోయాడు. మా మెట్టపొలం, చెలక గట్టున తంగేడు పొదల పక్కన పాతిపెట్టారు. ఆ తర్వాత కొన్నాళ్లకే ఊరు ఖాళీ చెయ్యమన్నారు.

జనం తలుపులు, దూలాలు విప్పి బండ్లకెత్తుకున్నారు. ఒడ్డున ఉన్న పాత గుడిని రాయికో నంబరు వేసి విప్పి, పైకి తెచ్చి మళ్లీ కట్టారు. అది చూసి అమ్మ నాయినను అడిగిందట, పిల్లవాణ్ని కూడా తెచ్చుకుందామని. నిద్రపోతున్నోణ్ని లేపొద్దని నాయిన అన్నాడట. ఈ సంగతి వాళ్లిద్దరూ నాకెప్పుడూ చెప్పలేదు. నాయిన పోయాక మేనత్త చెప్పింది.

రాయి పాతినప్పటి నుంచి ప్రతి పెత్రమాసకు, పెద్దల అమావాస్యనాడు, అమ్మ అక్కడికి పోయేది. మిగతావాళ్లు వాళ్ల వాళ్ల పెద్దలకు అన్నం, కూరలు పెట్టేవారు. అమ్మ మాత్రం కాసిని పుట్నాలు, బెల్లం ముక్క రాయి మొదట్లో పెట్టి, కొంగుతో రాతి మీది దుమ్ము తుడిచేది. ఏడ్చేది కాదు. పక్కవాళ్లతో మామూలుగానే మాట్లాడేది, ఎవరి బిడ్డకు పెళ్లయిందో, ఎవరు దవాఖానలో ఉన్నారో అడిగేది. నాకు వనపర్తి బడిలో ఉద్యోగం వచ్చి అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాక, నేనే తీసుకుపోయేదాన్ని.

పోయినేడు మేం పోయేసరికి మలుపే లేదు. రోడ్డు వెడల్పు చేసి ఆ వంపును తిన్నగా లాగేశారు. కొత్త తారు, పక్కన ఎర్రమట్టి కుప్పలు. అమ్మ కారు దిగి అటూ ఇటూ చూసి, ఇంకా ముందుకు పోవాలేమో అంది. పోయి చూసి వెనక్కి వచ్చాం. ఎదురుగా చాయ్ హోటల్ నడిపే సాయిబు మమ్మల్ని గుర్తుపట్టి బయటికి వచ్చాడు. ఏటేటా మాకు నీళ్లిచ్చే మనిషే. ఆయన అమ్మ ముఖం చూడలేక నాతోనే మాట్లాడాడు.

“జర పక్కకు పెట్టుండ్రి, దానికి మనుషులున్నరు అని చెప్పిన మేడం. పెడ్తమన్నరు. తెల్లారి వచ్చి చూస్తె మోరీ కింద నింపిన రాళ్లల్ల కల్సిపోయింది.”

ఆయన చూపించిన కల్వర్టు దగ్గర అమ్మ చాలాసేపు నిలబడింది. లారీలు పోతుంటే దుమ్ము లేస్తోంది. పుట్నాల పొట్లం చేతిలోనే ఉంది. కింద పెట్టడానికి చోటు కనబడలేదేమో, తిరిగి సంచిలో వేసుకుంది.

తిరుగు దారిలో గుడి దగ్గర ఆగాం. అక్కడ పెద్ద బోర్డు ఉంది. అమ్మ చదవమంది. ఏ రాజుల కాలందో, శాసనంలో ఏముందో, నీళ్లలో మునగకుండా ఎట్లా తరలించారో, అంతా చదివాను. అయిపోయిందా అని అడిగింది. అయిపోయిందన్నాను. మన ఊరి పేరు లేదా అంది. లేదన్నాను.

“గుడినైతె తెచ్చిండ్రు” అని కారు వైపు నడిచింది.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో నది బాగా ఎండింది. ఊరు బయటపడిందని ఎవరో ఫోనులో చెప్పారు. అమ్మ తనంతట తానే పోదామంది. ఎండ ఎక్కకముందే చేరుకున్నాం. నెర్రెలిచ్చిన ఒండ్రు మట్టి, అక్కడక్కడ గోడల పునాదులు. అమ్మ నా చెయ్యి పట్టుకుని నడిచింది. చావడి అరుగు రాళ్లు గుర్తుపట్టింది. అక్కడి నుంచి తమ ఇల్లు ఎటో చెప్పింది. ఇంటి నుంచి చెలకకు బయలుదేరినట్టే బయలుదేరింది.

కానీ చెలక లేదు. గట్టు లేదు. ఎటు చూసినా ఒకే రంగు మట్టి. ఒక చోట ఆగింది. కాదని ఇంకాస్త ముందుకు పోయింది. మళ్లీ వెనక్కి వచ్చింది. ఇక్కడే అనుకుందామమ్మా అన్నాను. నా మాట విననట్టు నిలబడి, నీళ్ల వైపు తిరిగి, అన్నను పేరు పెట్టి పిలిచింది. గట్టిగా కాదు. ఆడుకుంటున్న పిల్లవాణ్ని అన్నానికి పిలిచినట్టు పిలిచింది. ఆ పేరు అమ్మ నోట నేను వినడం అదే మొదటిసారి.

తర్వాత నా వైపు తిరిగి అడిగింది.

“వాడు నన్ను గుర్తువడ్తడా బిడ్డా? అప్పుడు నేను గిట్ల లేకుంటి.”

అమ్మ చెయ్యి పట్టుకుని ఒడ్డెక్కించాను. కారులో కూర్చున్నాక, చెప్పుల నిండా మట్టి అయిందని, కారు ఖరాబైందని నొచ్చుకుంది.

ఇప్పుడు ఊరివాళ్లు కొత్త రాయి పాతుదామని ఫోన్లు చేస్తున్నారు. ఎక్కడ పాతాలో ఇంకా తేలలేదు. రోడ్డు పక్కన వద్దంటున్నారు కొందరు. అమ్మకు చెప్పాను. పెట్టుకోండి, మంచిదే అంది. తాను మాత్రం రానంది. మోకాళ్లు నొస్తున్నయి అంది. నేను మళ్లీ అడగలేదు.