కిల్ట్ కట్టుకుని ఇసుక కొండకు: ట్రాయ్ నుంచి ఒక శనివారం

ఈ ప్రయాణానికి కారణం నా మోకాలు. పోయిన నవంబర్‌లో ఇంటి ముందు డ్రైవ్‌వే మీద మంచులో జారిపడి లిగమెంట్ తెంపుకున్నాను. ఆపరేషన్ చేసి, తొడ నుంచి పిక్క దాకా ఇనప కమ్మీలున్న పట్టీ బిగించారు. దాని మీదుగా ఏ ప్యాంటూ ఎక్కలేదు. ఇంట్లో లుంగీతో గడిచిపోయింది కానీ ఆఫీసుకు ఎలా వెళ్ళాలా అని తల పట్టుకున్నప్పుడు, మా టీమ్‌లో పనిచేసే కెన్ తన పాత కిల్ట్ ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఎప్పుడూ చూడనివాళ్ళకు చెప్పాలంటే, అది మోకాళ్ళ దాకా వచ్చే స్కాట్లండ్ మగవాళ్ళ బట్ట. వెనక వరసగా కుచ్చిళ్ళు, ముందు సాపుగా ఉంటుంది, నడుముకు చుట్టి పక్కన బకిల్స్ పెట్టుకోవాలి. జేబులు ఉండవు కాబట్టి ముందు ఒక చిన్న తోలు సంచి వేలాడుతుంది. కెన్ తాతముత్తాతలది స్కాట్లండ్. అతను ప్రతి శుక్రవారం కిల్ట్‌తోనే ఆఫీసుకు వస్తాడు.

మార్చిలో పట్టీ తీసేశారు. చిక్కు అక్కడే మొదలైంది. పట్టీ ఉన్నన్నాళ్ళూ నన్ను చూసి ఎవరూ ఏమీ అనలేదు, పాపం కాలు బాగోలేదనుకున్నారు. పట్టీ పోయాక కూడా నాకు కిల్ట్ వదలబుద్ధి కాలేదు. హాయిగా ఉంది, అంతకు మించి కారణం లేదు. మొదట శుక్రవారాలు కెన్‌తో పాటు కట్టాను, తర్వాత బుధవారం కూడా కలిసింది, ఏప్రిల్ చివరికి కిరాణా కొట్టుకూ దాంతోనే వెళ్ళడం మొదలుపెట్టాను. మా ఆవిడ మాధవిది ఖమ్మం. తను దీన్ని మొదట్లో సరదాగానే తీసుకుంది. సోఫాలో నేను కూలబడ్డ తీరు చూసి, "గట్ల కాదు. వెనక చెయ్యి పెట్టి కుచ్చిళ్ళు సాఫ్ చేసుకుని కూసోవాలె. లంగాలు కట్టి పెరిగినోళ్ళం, మమ్మల్ని అడగవద్దా?" అని నాకు కూర్చోవడం నేర్పింది. ఆ తర్వాత మాత్రం, "వారానికి ఒక్కసారైతే ముచ్చట అంటరు. రోజూ అయితే వీనికేమైంది అంటరు. ఎన్ని రోజులో నువ్వే డిసైడ్ చేసుకో" అని తేల్చేసింది.

మా అమ్మాయి నిత్య అంత దూరం కూడా రానివ్వలేదు. పదిహేనేళ్ళు, స్కూల్ ఆర్కెస్ట్రాలో వయోలా వాయిస్తుంది. "నాన్నా, వచ్చే గురువారం నా కాన్సర్ట్ ఉంది. అది వేసుకుని వస్తే, ప్లీజ్, రావద్దు" అంది. కోపంగా అని ఉంటే నేనూ నాలుగు మాటలు అనేవాణ్ణి. బతిమాలుతున్నట్టు అడిగింది. నాకు మనసు చివుక్కుమంది. తొమ్మిదేళ్ళుగా దాని కాన్సర్ట్ ఒక్కటి కూడా మానలేదు. అలాగని, ఎవరేమనుకుంటారో అని ఇష్టమైనది విప్పేయడమూ నాకు మింగుడు పడలేదు. అందుకే ఒక రోజంతా, బొత్తిగా తెలియని మనుషుల మధ్య, కిల్ట్‌తో తిరిగి చూద్దామనుకున్నాను. నాకు ఇబ్బందిగా అనిపిస్తే శుక్రవారాలకే పరిమితం చేసుకుంటాను, లేకపోతే అప్పుడు ఆలోచిద్దాం అనుకున్నాను. మిషిగన్ పడమటి ఒడ్డున ఎంపైర్ అనే ఊరి దగ్గర పెద్ద ఇసుక కొండలున్నాయి, మోకాలికీ పరీక్ష పెట్టినట్టుంటుంది. లర్నర్స్ పర్మిట్ మీద హైవే డ్రైవింగ్ గంటలు పూర్తి చేసుకోవాలి కాబట్టి నిత్య వస్తానంది. నాతో కలిసి నడవనని ముందే షరతు పెట్టింది.

మే చివరి శనివారం, సోమవారం కూడా సెలవు కలిసిన వారాంతం, పొద్దున ఆరింటికి మేముండే ట్రాయ్‌లో బయల్దేరాం. దారి తేలిక. ఐ-75 పట్టుకుని ఉత్తరంగా గ్రేలింగ్ దాకా పోవాలి, అక్కడ ఎడమకు తిరిగి ఎం-72 మీద ట్రావర్స్ సిటీ దాటి నేరుగా ఎంపైర్. సుమారు రెండు వందల యాభై మైళ్ళు, ఆగకుండా పోతే నాలుగు గంటలు. ఫ్లింట్ దాకా నేను నడిపి స్టీరింగ్ నిత్యకు ఇచ్చాను. బే సిటీ దాటాక పెట్రోలు కోసం ఆగాం. పక్క పంపు దగ్గర పికప్ ట్రక్కు ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, "స్కాటిషా?" అన్నాడు. నేను మోకాలి ఆపరేషన్ దగ్గర మొదలుపెట్టి, పట్టీ, కెన్, ఇండియాలో లుంగీ, దానికీ దీనికీ పోలికలు, ఇది నిజానికి ఎంత సుఖమో, అన్నీ చెప్పాను. ఆయన ట్యాంకు ఎప్పుడో నిండింది. పాపం మర్యాదగా నిలబడ్డాడు. నిత్య కారులో కూర్చుని అద్దం పైకెత్తేసింది.

గ్రేలింగ్‌లో ఒక చిన్న డైనర్‌లో టిఫిన్ చేశాం. గుడ్లు, పాన్‌కేకులు, కాఫీ, టిప్పుతో కలిపి ఇద్దరికీ ముప్పై రెండు డాలర్లయింది. కాఫీ పోస్తూ వెయిట్రెస్ "ఐ లవ్ ద కిల్ట్!" అంది. నేను మళ్ళీ నవంబర్ మంచు దగ్గర మొదలుపెట్టాను. లుంగీ దాకా వచ్చేసరికి ఆవిడ వేరే టేబుల్ వాళ్ళు పిలుస్తున్నారని వెళ్ళిపోయింది. నేను నిత్యతో, "చూశావా, ఎవరూ నవ్వలేదు" అన్నాను. తను ఫోన్‌లోంచి తలెత్తకుండా "ఊఁ" అంది.

పదిన్నర దాటాక కొండ దగ్గరికి చేరాం. నేషనల్ పార్కు పాసు కారుకు ఇరవై అయిదు డాలర్లు, వారం రోజులు చెల్లుతుంది. పార్కింగ్ లాట్ ఎదురుగానే కొండ నిటారుగా లేస్తుంది, చెట్టూ చేమా లేని ఒట్టి ఇసుక. కింద బల్లల దగ్గర మనవాళ్ళు అప్పుడే పులిహోర డబ్బాలు విప్పుతున్నారు. తెలియని మనుషుల మధ్య తిరుగుదామని ఇంత దూరం వచ్చినవాడికి మిషిగన్‌లో లాంగ్ వీకెండ్ అంటే మనవాళ్ళు లేని చోటు ఉండదని గుర్తుండాల్సింది. "ఏమయ్యా శ్రీనివాసూ!" అని కేక వినపడింది. శాగినాలో రిటైరైన డాక్టర్ రామ్మోహన్ గారు. గుంటూరు మనిషి, డెబ్బైల తొలినాళ్ళలోనే ఈ దేశం వచ్చారు. మాకు పదేళ్ళుగా తెలుసు.

"ఇదేం వేషమయ్యా?" అన్నారు.

"మోకాలి ఆపరేషన్ అయింది కదండీ, పట్టీ మీద ప్యాంటు పట్టక..."

"పట్టీ ఏదీ?"

"తీసేశారండీ, మార్చిలో."

"మరి ఇంకా మోకాలి సంగతి ఎందుకు చెప్తున్నావు?"

ఆయన పులిహోర ప్లేటు నా చేతిలో పెట్టి, నింపాదిగా ఇంకో ప్రశ్న వేశారు. "లుంగీ అయితే ఇంత దూరం కట్టుకొచ్చేవాడివా?"

"లేదండీ" అన్నాను. నిజం అదే. ఈ దేశం వచ్చిన ఇరవై రెండేళ్ళలో లుంగీతో మా మెయిల్‌బాక్స్ దాకా కూడా పోలేదు.

"నేను కట్టాను" అన్నారాయన. "వచ్చిన కొత్తల్లో ఎండాకాలం లుంగీతోనే లాన్‌కి నీళ్ళు పెట్టేవాణ్ణి. పక్కింటాయన ఏమిటిది అని అడిగాడు. చెప్పాను. ఆయన భార్యకి చెప్పాను. వాళ్ళింటికొచ్చిన చుట్టాలక్కూడా చెప్పాను. ఎవరూ ఒక్క మాట తప్పుగా అన్లేదయ్యా. చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చి మానేశా." ఇంకో గరిటె పులిహోర వేసి, "అసలు వాళ్ళకి అంత అక్కర్లేదనుకుంటా. నేనే ఆగలేకపోయా" అన్నారు.

నిత్య బల్ల అవతలి చివర కూర్చుని అన్నీ వింటోంది. తెలుగు చదవలేదు గానీ వినడంలో దాన్ని మించినవాళ్ళు లేరు.

తిన్నాక కొండ ఎక్కాం. రెండడుగులు వేస్తే ఒకడుగు కిందికి జారుతుంది. ఏటవాలు మొదలవగానే నా రెండు చేతులూ వాటంతటవే కిందికి పోయాయి, లుంగీ అంచు పట్టుకుని మడిచి కట్టడానికి. అక్కడ మడవడానికి ఏమీ లేదు. నిత్య చూసి పకపకా నవ్వింది, పొద్దుట్నించి అదే మొదటి నవ్వు. మోకాలు బాగానే సహకరించింది. పైకి చేరితే వెనక గ్లెన్ లేక్ నీలంగా కనిపిస్తుంది. అసలు పెద్దదైన మిషిగన్ సరస్సు చూడాలంటే ఇసుకలో ఇంకా చాలా దూరం నడవాలి, మేము నడవలేదు. పైన గాలి మాత్రం చెప్పనలవి కాదు. కిల్ట్ ముందు పట్టుకుంటే వెనక లేస్తుంది, వెనక పట్టుకుంటే ముందు. అప్పటిదాకా ఇరవై గజాల దూరంలో నడిచిన పిల్ల పరుగున వచ్చి నా వెనక నిలబడి కుచ్చిళ్ళు రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"నాన్నా, ఒకటి చెప్పనా? కోప్పడవు కదా?"

"చెప్పు."

"నాకు కిల్ట్ ప్రాబ్లం కాదు. నువ్వు అందరికీ ఎక్స్‌ప్లెయిన్ చేస్తావు కదా, అది. కాన్సర్ట్‌లో మా టీచర్ హాయ్ అంటే నువ్వు సర్జరీ నుంచి స్టార్ట్ చేస్తావు. తర్వాత లుంగీ. నా ఫ్రెండ్స్ అందరూ వింటారు. కెన్ అంకుల్ ఎవరికైనా చెప్తాడా?"

చెప్పడు. ఎవరైనా బాగుందంటే కెన్ "థాంక్స్" అని కాఫీ మెషీన్ వైపు పోతాడు. నిత్య మాట వినగానే ముందు కాస్త ఉక్రోషం వచ్చింది, ఆ తర్వాత సిగ్గేసింది. పొద్దుట్నించి నేను ఎవరి దగ్గరో అనుమతి అడుగుతూ తిరుగుతున్నానని, ఆ అడగడం పక్కనున్న పిల్లకు ఎంత కష్టంగా ఉందో నాకు తట్టనే లేదని అర్థమైంది. "సరేనమ్మా" అని మాత్రం అన్నాను.

తిరుగుదారిలో ట్రావర్స్ సిటీలో చెర్రీ పై తిన్నాం, ముక్క ఏడు డాలర్లు, ఆ ఊరు వెళ్ళి తినకుండా రాకూడదు. సాయంత్రం వెస్ట్ బ్రాంచ్ దగ్గర మళ్ళీ పెట్రోలు కొట్టించి నీళ్ళ సీసాలు కొంటుంటే, కౌంటర్ దగ్గర కుర్రాడు "నైస్ కిల్ట్, మ్యాన్" అన్నాడు. నిత్య చిప్స్ ర్యాక్ పక్కన కదలకుండా ఆగిపోయింది. నోటిదాకా మోకాలి కథ వచ్చేసింది. మింగేసి, "థాంక్స్" అని రసీదు తీసుకుని బయటికి వచ్చాను. కారెక్కాక నిత్య సీటు బెల్టు పెట్టుకుంటూ, "గురువారం వేసుకో. పర్లేదు" అంది.

వేసుకుని వెళ్ళాను. వాళ్ళ టీచర్ హాయ్ అన్నారు, నేనూ హాయ్ అన్నాను. ఇంటర్వెల్‌లో పక్క కుర్చీ ఆయన బాగుందన్నాడు, థాంక్స్ అన్నాను. అంతా అయ్యాక వయోలా వీపున వేసుకుని నిత్య ఇద్దరు స్నేహితురాళ్ళను వెంటబెట్టుకుని నేరుగా నా దగ్గరికే వచ్చింది. "మా డాడ్" అంది. ఇంకేమీ చెప్పలేదు.

ఇంతకీ వారానికి ఎన్ని రోజులు అని మాధవి మళ్ళీ అడిగింది. ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా ఉండగలిగినన్ని రోజులు అన్నాను. ప్రస్తుతానికి అది మూడు దగ్గర ఉంది. పోయిన ఆదివారం లుంగీతో బయటికి వచ్చి మొక్కలకు నీళ్ళు పెట్టాను. పక్కింటాయన చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను. గుండె కాస్త గట్టిగానే కొట్టుకుంది, కిల్ట్‌తో ఎప్పుడూ అలా కొట్టుకోలేదు. లుంగీ గురించి డాక్టర్ గారు అడిగినదానికి సగం జవాబే చెప్పానని, ఎందుకు కట్టుకోనో చెప్పలేదని అప్పుడు తెలిసింది. ఇక మీకు ఇంత పొడుగున నవంబర్ మంచు దగ్గర్నించి అంతా విడమరిచి చెప్పిన సంగతి నిత్యకు తెలియదు. తెలుగు చదవడం రాదు కదా, మీరూ చెప్పకండి.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. పది లోపే చేరుకోండి, ఆ తర్వాత పార్కింగ్ దొరకడం కష్టం, ఇసుక కాలుతుంది. కిల్టయినా లుంగీ అయినా, లోపల నిక్కరు వేసుకోవడం మాత్రం మరిచిపోకండి.